మీగడ రంగు దారం

"అమ్మమ్మా, నీకు క్రోషే అల్లడం ఎవరు నేర్పారు?" అని మొన్న ఆదివారం వీడియో ఫోన్లో అడిగావు, నందితా. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. "ఎవరూ నేర్పలేదమ్మా, అదే వచ్చేసింది" అనేసి వంటింట్లోకి వెళ్ళాను. పప్పు దించి వచ్చేసరికి మీ చెల్లి సహజ ఊలు ఉండ ఎత్తుకుని పారిపోతోంది, నువ్వు వెంటపడుతున్నావు, నా జవాబు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. అది అబద్ధం కాదు గానీ, పూర్తిగా నిజమూ కాదు. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. ఈ నాలుగు రోజులుగా దాన్ని తీస్తున్నాను, మూస్తున్నాను. అది దొరక్కపోతే ఫోన్లో చెప్పిన మాటతోనే సరిపెట్టేదాన్ని. ఇప్పుడు కుదరదు. పుణెలో మీ బాల్కనీలో కూర్చోబెట్టి మీ అమ్మ చదివి వినిపిస్తుంది కాబట్టి, తనకీ తెలియని సంగతులు కొన్ని ఇందులో ఉన్నాయి కాబట్టి, నిదానంగా రాస్తున్నాను.

నేను పుట్టింది గోదావరికి ఆ పక్కన, రామచంద్రపురం దగ్గర. పెళ్ళై వచ్చింది ఈ పక్కకి, నరసాపురం దగ్గరున్న ఈ ఊరికి. మా పుట్టింట్లో గునపంతో నాలుగు దెబ్బలు వేస్తే తియ్యటి నీళ్ళు పడేవి. ఇక్కడ సముద్రం దగ్గర, ఎంత లోతు దింపినా ఉప్పునీళ్ళే. మొక్కలకి పోయాలంటే వెనకాల పారే కాలవ నీళ్ళే దిక్కు. ఇంకో తేడా ఏమిటంటే, ఇక్కడ ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళ ఒళ్ళో తెల్లటి దారం ఉండ కనిపించేది. లేసు అల్లడం వాళ్ళకి ఊపిరి తీసుకున్నట్టు. మాట్లాడుతూ అల్లేవారు, పోట్లాడుకుంటూ అల్లేవారు, పిల్లల్ని కసురుతూ అల్లేవారు. మా అత్తగారు, అంటే మీ అమ్మకి నాయనమ్మ, మంగతాయారు గారు, వాళ్ళందరిలోకీ తక్కువ మాట్లాడి ఎక్కువ అల్లే మనిషి.

ఆవిడ పొద్దున్నే చేసే తతంగం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వాకిట్లో ముగ్గయ్యాక, కాఫీ తాగాక, నానబెట్టిన కుంకుడుకాయ నురగతో మోచేతుల దాకా కడుక్కునేవారు. పొడి తువాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకునేవారు. పాత పంచె ముక్క ఒళ్ళో పరుచుకుని, దారం ఉండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసి, అప్పుడు సూది తీసేవారు. సూది అంటే మీ దగ్గరున్న లావుపాటి రంగుల సూది కాదు, కొసన కనపడీ కనపడకుండా కొక్కెం ఉండే సన్నటి ఇనప సూది. ఆవిడ అల్లేది ఒకటే పువ్వు. మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ ఎనిమిది రేకలు. ఆవిడ పువ్వులు అల్లితే, ఇంకో ఊళ్ళో ఎవరో వాటిని ఒకదానికొకటి అతికి దుప్పటి చేసేవారు. అది ఎవరి మంచం మీదకి చేరుతుందో ఇద్దరికీ తెలియదు. ఇన్నేళ్ళు పువ్వులు అల్లారు గానీ ఆవిడ తయారైన దుప్పటి ఒక్కటీ కళ్ళారా చూసినట్టు లేరు. పువ్వు పూర్తయితే దారం కొసని మూడో రేక వెనక్కి రెండుసార్లు తిప్పి దాచి, "అయింది" అని తనలో తను అనుకుని పక్కన పెట్టేవారు. చూపు రోడ్డు మీద ఉండేది. వేళ్ళే చూసుకునేవి.

నాది పెరడు. పెళ్ళైన కొత్తలోనే తేలిపోయింది ఈ పంపకం. ఒకరోజు మట్టి చేత్తో దారం ఉండ తీసి ఆవిడకి అందించబోయాను. "వద్దమ్మాయ్. మట్టి అంటితే వాళ్ళు తిప్పి కొడతారు. నువ్వు అటుండు, నేను ఇటుంటాను" అన్నారు. కోపంగా కాదు, గట్టు వేసినట్టు. ఆ గట్టు నాకూ బాగానే ఉండేది. మాఘమాసంలో మల్లె కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేసి, కొన్నాళ్ళు నీళ్ళు ఆపేసేదాన్ని. ఫాల్గుణం వచ్చేసరికి ఒక్కసారిగా నీళ్ళు పెడితే చెట్టంతా మొగ్గ. వెదురు పందిరికి దొండ, కాకర పాకించేదాన్ని. పొట్లకాయలు వంకర తిరక్కుండా కొసన చిన్న చిన్న రాళ్ళు కట్టేదాన్ని. మీ అమ్మ వాటి కింద నిలబడి ఒక్కో రాయినీ ఊపి, "ఊగు, ఊగు" అనేది. కాలవ నీళ్ళు బిందెలతో మోసి పాదుల్లో పోస్తే తడి మట్టి వాసన, దాని మీద వేపపూత వాసన, వంటింట్లోంచి పోపు వాసన. ఆ నెలన్నర నాకు పుట్టిల్లు గుర్తొచ్చేది కాదు.

కానీ వేసవిలో కాలవలకి నీళ్ళు వదలకుండా కట్టేస్తారు. అప్పుడు నా పెరడు ఎండిపోయేది, ఏటా. ఒక ఏడు అది ఇంకోలా ఎండింది.

మీ అమ్మ తరవాత నాకు ఇంకో కాన్పు అయింది. ఆ బాబు తొమ్మిది రోజులున్నాడు. మీ అమ్మకి ఈ సంగతి తెలుసు గానీ మీకు చెప్పి ఉండదు. చెప్పకూడనిదేమీ కాదు, అందుకే రాస్తున్నాను. చైత్రంలో పోయాడు. ఆ వెంటనే కాలవ కట్టేశారు. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ పెరటి గుమ్మం దాకా వెళ్ళేదాన్ని. చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఆ మెట్టు మీదే కూర్చుని ఎండిన పందిరి చూస్తూ ఉండిపోయేదాన్ని, ఎండ నా కాళ్ళ మీదకి వచ్చేదాకా. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉండేవి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. దారం తూచి ఇచ్చి, అల్లిన లేసు పువ్వులు పట్టుకెళ్ళడానికి ప్రతి శుక్రవారం వచ్చే కాంతమ్మ గారు ఒకసారి నన్ను అలా చూసి, "ఓ సూది పట్టుకోరాదామ్మా, మనసు మళ్ళుద్ది" అంది. మా అత్తగారు అక్కడే ఉన్నారు. నేను డిగ్రీ చదివినదాన్ని, దుఃఖంలో ఉన్నదాన్ని, నోరు నా అదుపులో లేదు. "రోజంతా మెడ వంచుకుని ఎవరి మంచానికో పువ్వులు అల్లడం నా వల్ల కాదండీ" అన్నాను. కాంతమ్మ గారు నొచ్చుకుంది. అత్తగారు చెంబు కాస్త దగ్గరికి జరుపుకుని అల్లుకుంటూ కూర్చున్నారు. ఆ తరవాత ఎప్పుడూ నన్ను సూది పట్టుకోమని అనలేదు.

మళ్ళీ వానలొచ్చాయి, కాలవ వచ్చింది, చలికాలం వెళ్ళింది, ఫాల్గుణం వచ్చింది. మీ అమ్మకి అప్పుడు నాలుగో ఏడు. ఆ సారి కాంతమ్మ గారు తెచ్చిన దారం తెలుపు కాదు, మీగడ రంగు. ఎవరో అలా అడిగారట. అంతకు ముందు ఎప్పుడూ ఆ రంగు రాలేదు, తరవాతా రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో శుక్రవారమో మూడో శుక్రవారమో, నేను గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నాను. కాంతమ్మ గారు అరుగు మీద పువ్వులు పరిచి చూస్తూ ఆగిపోయింది.

"ఏంటక్కగారూ, దీనికి ఏడు రేకలే ఉన్నాయి. ఇదిగో, దీనికి తొమ్మిది. ఇవి పెట్టి అతికితే దుప్పటి గూనొస్తదండి."

"చూపు మసకేస్తంది కాంతం" అన్నారు అత్తగారు.

"మరి ఈ దారం అయిపోయాక ఆపేద్దురూ. ఈ వయసులో కళ్ళు పోగొట్టుకుంటారా ఏంటి?"

"వచ్చే వారం చూద్దువుగానిలే."

"నా మీద కోపం తెచ్చుకోకండి. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే నేను తీసుకోలేనండి. నా వెనకాల చూసేవాళ్ళు ఉన్నారు."

కాంతమ్మ గారు ఏడెనిమిది పువ్వులు తిరిగిచ్చేసి వెళ్ళిపోయింది. అత్తగారు వాటిని సంచిలో వేసి, సూది పక్కన పెట్టి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. కిందటి వేసవిలో నావి ఎలా ఉన్నాయో అలాగే. తరిగిన దొండకాయలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ చేతులు అలా ఉండకూడదు. నాకు అదొక్కటే తోచింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడ నవారు మంచం మీద గోడ వైపు తిరిగి గంటసేపు నడుం వాల్చేవారు. ఆ రోజు ఆ సంచిలోంచి రెండు తప్పు పువ్వులు, పక్కనున్న ఆవిడ సూది తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. తొమ్మిది రేకల్లో ఒకటి పీకేస్తే సరిపోతుందనుకున్నాను. దారం కొస దొరకబుచ్చుకుని లాగితే, ఒక రేక కాదు, పువ్వంతా ఊడి చేతిలోకి వచ్చేసింది. మెలికలు మెలికలుగా బారెడు దారం. రెండో పువ్వు తీసి ఈసారి ఒక్కో కుట్టూ విప్పుతూ, దారం ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి వెళ్ళిందో చూసుకుంటూ పోయాను. కొస నుంచి మొదటికి. నందితా, నువ్వు వీడియో వెనక్కి జరుపుకుని చూస్తావు చూడు, నేను పువ్వునే వెనక్కి జరుపుకున్నాను. విప్పిన దారి పట్టుకుని మళ్ళీ ముందుకు అల్లడానికి ప్రయత్నించాను. మొదటిది నత్తగుల్లలా వచ్చింది. దాన్ని పొట్ల పాదులో గొయ్యి తీసి పాతేశాను.

తరవాత మెల్లగా కిటుకులు తెలిశాయి. విప్పిన దారం మెలికలు పోవాలంటే తడిపి గాజు గ్లాసుకి బిగువుగా చుట్టి ఎండలో పెట్టాలి. మట్టి మరక పోవాలంటే అల్లే ముందు నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుని, ఆవిడలాగే వేలు వేలునా తుడుచుకోవాలి. సరిచేసిన పువ్వులు ఆవిడ లేచేలోపు మళ్ళీ సంచిలో పెట్టేసేదాన్ని. మీ తాతగారు ఒకరోజు బడి నుంచి తొందరగా వచ్చి గ్లాసుకి దారం చుడుతున్న నన్ను చూశారు.

"ఏంటిది?"

చెప్పాను.

"అమ్మకి చెప్పేస్తే పోలా? కళ్ళ డాక్టరుకి చూపిద్దాం."

"చూపిద్దాం. ముందు ఈ దారం అవ్వనివ్వండి. ఇప్పుడు చెప్తే మానేస్తారు."

"మానేస్తే ఏమైంది?"

"ఆవిడ చేతులు ఎప్పుడైనా ఖాళీగా చూశారా మీరు?"

ఆయన సైకిలు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తింది మీ అమ్మ. ఒక సాయంత్రం అరుగు మీద, అందరూ ఉండగా, "నాయనమ్మా, అమ్మ నీ పువ్వు పాడుచేసేసింది" అంది. అత్తగారు మీ అమ్మ జడ అల్లుతున్నారు. చేతులు ఆపలేదు. "పెరట్లోదా? పెరట్లో పువ్వులన్నీ మీ అమ్మవేలే. ఏం చేసుకున్నా దానిష్టం" అన్నారు. ఆవిడ మల్లెల సంగతి అనుకున్నారని నేను ఊపిరి పీల్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ శుక్రవారం కాంతమ్మ గారు ఒక్కో పువ్వూ వేలితో తడిమి చూసి, "బానే ఉన్నాయండీ అక్కగారూ, అనవసరంగా కంగారు పడ్డాం. కాకపోతే నేనిచ్చిన తూకానికి దారం కాస్త తగ్గింది" అంది. నేను పాతిపెట్టింది గుర్తొచ్చి తల వంచుకున్నాను. "మనవరాలు ఆడతా తెంపేస్తదిలే" అన్నారు అత్తగారు. అని, ఒక పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇదేంటమ్మాయ్, మల్లెవాసనేస్తంది?"

"పెరటి గాలికేమోనండి."

"అయ్యుంటది" అని దాన్ని మిగతావాటితో కలిపేశారు.

అలా ఉగాది వచ్చింది, వెళ్ళింది. ప్రతి వారం సంచిలో తప్పు పువ్వులు ఉండేవి, ఒకసారి ఆరు, ఒకసారి పది. ప్రతి మధ్యాహ్నం నేను వాటిని విప్పి అల్లేదాన్ని. మొదట్లో ఒక పువ్వుకి గంట పట్టేది. తరవాత తరవాత వేళ్ళకి దారి తెలిసిపోయి, అల్లుతూ అల్లుతూ బాబుని తలుచుకునేదాన్ని. మెట్టు మీద కూర్చున్నప్పుడు తలపు ఎటూ కదిలేది కాదు. ఇప్పుడు ఒక రేక దగ్గర వచ్చి, ఇంకో రేక దగ్గరకి వెళ్ళిపోయేది. ఒకరోజు బిందె పట్టుకుని వెనక్కి వెళితే కాలవలో అడుగు బురద కనిపించింది. కట్టేసి పది రోజులైందని పక్కింటావిడ చెప్పింది. పందిరి మీద కాకర తీగ పసుపు రంగుకి తిరిగిపోయింది. నేను చూడనే లేదు.

ఆ దారం అయిపోయాక అత్తగారిని పట్నం తీసుకెళ్ళి కళ్ళు చూపించాం. కుడి కంటిలో శుక్లం బాగా ముదిరిందనీ, ఎడమ కన్ను ఇంకా పర్వాలేదనీ డాక్టరు గారు చెప్పి, కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక కొన్నాళ్ళు సూది పట్టొద్దన్నారు. అప్పుడు కాంతమ్మ గారు తెల్లదారం తెచ్చింది. చెంబు ఖాళీగా ఉంది. నేనే కుంకుడు నురగతో చేతులు కడుక్కుని, ఆవిడ పక్కన అరుగు మీద కూర్చుని, ఆవిడ చూస్తుండగా మొదటిసారి సూది పట్టుకున్నాను. ఎప్పుడు నేర్చుకున్నావు, ఎవరు నేర్పారు అని అడుగుతారని ఎదురుచూశాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ కాసేపు నా వేళ్ళ వంక చూసి, "సూది కాస్త కిందకి పట్టుకో అమ్మాయ్, వేలు నొప్పెట్టదు" అన్నారు. అంతే.

ఆ తరవాత పన్నెండేళ్ళ పైనే ఆ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. వేసవులన్నీ అలాగే గడిచాయి. మీ అమ్మ ఇంటరు చదివే రోజుల్లో, మల్లెలు మొగ్గ తొడిగే కాలంలో ఆవిడ పోయారు. చివరి వారం దాకా అల్లారు.

ఇప్పుడా డబ్బా సంగతి. మూత తుప్పు పట్టి బిగుసుకుపోతే చెంచా పెట్టి తీశాను. లోపల పాత పంచె ముక్కలో చుట్టి పువ్వులున్నాయి. మీగడ రంగు. పద్దెనిమిది. ఒక్కోదానికీ ఎనిమిది రేకలు, బిగువుగా, పొందికగా. నేను అల్లినవేమో అనుకుని వెనక్కి తిప్పి చూశాను. దారం కొస మూడో రేక వెనక రెండుసార్లు తిరిగి దాక్కుని ఉంది. నేను ఎప్పుడూ కొసని మధ్య గుండ్రంలోకే దోపుతాను. ఆ అలవాటు ఆవిడ ఎంత చెప్పినా మారలేదు. ఇవి ఆవిడ చేతివే, ఆ వసంతంలోవే. తూకానికి తగ్గిన దారం నా పొట్ల పాదులో ఒక్క పువ్వంతే. మిగతాది ఇదిగో, ఇక్కడుంది.

కళ్ళు మరీ మసకబారకముందు అల్లినవి అయ్యుండొచ్చు అని సర్దిచెప్పుకుంటాను. మంచివి తీసి పెట్టుకుందామని మొదటి రోజుల్లోనే దాచి, తరవాత మర్చిపోయి ఉండొచ్చు. కానీ ఆవిడ ఏ వస్తువూ మర్చిపోయే మనిషి కాదు. పైగా రోడ్డు చూస్తూ అల్లే మనిషికి కంటి చూపుతో పనేముంది? రేకలు లెక్కపెట్టింది ఎప్పుడూ వేళ్ళే కదా. నేను విప్పలేకపోతే, లేదా పట్టించుకోకపోతే, శుక్రవారం సంచిలో వెయ్యడానికి ఈ పద్దెనిమిదీ సిద్ధంగా పెట్టుకున్నారేమో. అలా అనుకున్నప్పుడల్లా డబ్బా మూసేస్తాను. కాసేపటికి మళ్ళీ తీస్తాను.

మన ఊళ్ళో ఇప్పుడు అరుగుల మీద దారం ఉండలు దాదాపు లేవు. లేసు మిషన్ మీద వస్తోంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒక్క రేక కూడా తేడా ఉండదు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక నేల ఇంకా ఉప్పెక్కింది, నా పందిరి కూడా డాబా మీదకి, మట్టి నింపిన సంచుల్లోకి ఎక్కింది. కుళాయి నీళ్ళు పోస్తాను, వేసవిలోనూ కాకరకాయలు కాస్తున్నాయి. ఇది తక్కువనీ అది ఎక్కువనీ నేను చెప్పను. నువ్వు ఎవరినీ అడగకుండా, ఎవరికీ కోపం తెప్పించకుండా, ఫోన్లో చూసి నేర్చుకుంటున్నావు. నాకు సంతోషమే. తప్పు వస్తే ఆ ఫోన్‌కి తెలియదు, అదొక్కటే. నువ్వు ఏ వేసవిలో ఏ మెట్టు మీద కూర్చున్నావో కూడా దానికి తెలియదు.

ఈ పద్దెనిమిదిలో తొమ్మిది నీకు, తొమ్మిది సహజకి పంపిస్తున్నాను. తొందరపడి విప్పకండి. విప్పినా పర్వాలేదు, గ్లాసుకి చుట్టి ఎండలో పెట్టండి.

ఆవిడ పక్కన అన్నేళ్ళు కూర్చున్నాను. నోటి దాకా రాని మాట లేదు, ఇది తప్ప. ఇది అడగాలని అప్పట్లో నాకు తెలియలేదు. తెలిసేసరికి ఆ చెంబు కూడా ఇంట్లో లేదు. నిజంగానే కనపడక ఏడు రేకలు అల్లారా అత్తయ్యగారూ, లేక నా చేతులు చూసి అల్లారా?